బ్రిటన్‌లో డాక్టర్లకు ఏటా అప్రైజల్ (పనితీరు సమీక్ష) ఎందుకు? మార్కులు ఎవరు వేస్తారు?

మార్కులూ లేవు, పాసు ఫెయిలూ లేవండీ. నేను అక్కడ జీపీని, అంటే ఫ్యామిలీ డాక్టర్ని, ఏటా ఈ తంతు తప్పదు. ఇంకో డాక్టరే అప్రైజర్‌గా కూర్చుని రెండు మూడు గంటలు మాట్లాడతారు. ఆ ఏడాది నేర్చుకున్నవి, చేసిన ఆడిట్లు (మన వైద్యం ఎలా ఉందో లెక్కలు తీసి చూసుకోవడం), వచ్చిన ఫిర్యాదులు అన్నీ చూపించాలి. తోటివాళ్ల, పేషెంట్ల ఫీడ్‌బ్యాక్ మాత్రం ఐదేళ్లలో ఒకసారి చాలు. వీటన్నిటినీ చూసి రెస్పాన్సిబుల్ ఆఫీసర్ (ఈ సమీక్షల బాధ్యత చూసే సీనియర్ డాక్టరు) ఐదేళ్లకోసారి డాక్టర్లకు లైసెన్సులిచ్చే జనరల్ మెడికల్ కౌన్సిల్‌కి సిఫార్సు పంపుతారు. లైసెన్సు కొనసాగేది దాన్నిబట్టే. 2012 డిసెంబరు నుంచి ఇదీ పద్ధతి.

ఒకసారి జలుబుతో వచ్చినాయన యాంటీబయాటిక్ రాయాల్సిందేనని భీష్మించుకున్నాడు. గొంతు చూసి, ఛాతీకి స్టెత్ పెట్టి విని, వైరస్‌కి ఆ మందు పనిచేయదని ఓపిగ్గానే చెప్పాను. బయటికెళ్లి "డాక్టరు నా మాటే వినలేదు" అని ఫిర్యాదు రాసిచ్చాడు. ఇక అప్రైజల్‌లో "దీన్నుంచి ఏం నేర్చుకున్నారు?" అనే గడి నింపాలి. "ఏమీ లేదు" అని రాశాను. అప్రైజర్ నవ్వి, "ఇంకో నాలుగు వాక్యాలు రాయండి, ఇలా వదిలేస్తే నన్నడుగుతారు" అన్నారు. మా ప్రాక్టీసులో (క్లినిక్‌లో) యాంటీబయాటిక్‌ల వాడకం తగ్గిందని చూపే ఆడిట్‌ని రెండు నిమిషాల్లో తిప్పేశారు. ఫిర్యాదు మీద మాత్రం అరగంట!

ఇదంతా ఇంతగా బిగుసుకోవడానికి పెద్ద కారణం హెరాల్డ్ షిప్‌మన్ అనే జీపీ. సొంత పేషెంట్లనే చంపాడు. 2000లో 15 హత్యలకు శిక్ష పడింది. తర్వాతి విచారణలో 215 మంది అని తేలింది. అలాంటివాణ్ణి పేషెంట్లు నెత్తిన పెట్టుకున్నారు! ఫీడ్‌బ్యాక్ ఫారాలు పంచి ఉంటే నూటికి నూరు వచ్చేవే. 1998లో అనుమానపడింది పక్క ప్రాక్టీసు డాక్టరు ఒకావిడ. శవదహనానికి కావాల్సిన పత్రాల మీద ఇంకో డాక్టరు సంతకం కూడా ఉండాలి. అలా రెండో సంతకం కోసం షిప్‌మన్ దగ్గర్నుంచి వస్తున్న పత్రాలు మరీ ఎక్కువగా ఉన్నాయని ఆవిడ గమనించింది. అందుకే నన్నడిగితే డాక్టరు ఎంత తియ్యగా మాట్లాడాడన్నది పక్కనపెట్టి, రాసిన మందులూ పోయిన ప్రాణాలూ లెక్కచూడమంటాను.

మీరూ అక్కడికి వెళ్లబోతుంటే ఒక్క మాట. సర్టిఫికెట్లు ఏ నెలవి ఆ నెలే ఎక్కించేయండి. అప్రైజల్ ముందు రాత్రి ఆ పోర్టల్ తెరుచుకోక నేను పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. అన్నట్టు, నన్ను మంటలార్పే శిక్షణ సర్టిఫికెట్ కూడా అడిగారు, పారేసుకోకండి.