పర్యావరణ కేసులకు ప్రత్యేక కోర్టులెందుకు? మామూలు జడ్జీలకే శిక్షణ ఇస్తే చాలదా?

చాలదనే నా అనుభవం చెబుతోంది. శిక్షణ వద్దని కాదు. కానీ నీళ్లు, గాలి, రసాయనాల గొడవలో జడ్జి పక్కనే ఆ శాస్త్రం తెలిసినవాళ్లు కూర్చోవాలి.

మా ఊళ్లో బోరు నీళ్లు రంగు మారి కంపు కొట్టడం మొదలైంది. ఎగువనున్న ఒక ఫ్యాక్టరీ మీద మేం కొందరు రైతులం కలిసి, పర్యావరణ కేసులు వినే ప్రత్యేక కోర్టు అయిన జాతీయ హరిత ట్రైబ్యునల్‌కి వెళ్లాం. ఆంధ్ర, తెలంగాణ కేసులు చెన్నై బెంచి వింటుంది. నీళ్లు బాగానే ఉన్నాయని ఫ్యాక్టరీ వాళ్లు ల్యాబ్ రిపోర్టు పెట్టారు. అది చూసి మాకు ఒకటే టెన్షన్. బెంచి మీదున్న నిపుణ సభ్యుడు మాత్రం ఆ శాంపిల్ ఏ నెలలో తీశారు, ఏ బోరు నుంచి, ఎంత లోతులో అని అడిగారు. తీసింది పెద్ద వానలు పడిన వెంటనే, అంటే కాలుష్యం వాన నీళ్లలో పలచబడే సమయంలో. ఎండాకాలంలో, ఊరివాళ్ల ఎదుటే మళ్లీ తీయమని జాయింట్ కమిటీ వేశారు. కేసు తిరిగింది అక్కడే.

జడ్జి పక్కన నిపుణులు కూర్చునే ఈ ఏర్పాటు వెనుక హైదరాబాద్ చెరువుల కథ ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లకు నీళ్లొచ్చే ప్రాంతంలో ఒక నూనె ఫ్యాక్టరీ పెట్టనివ్వాలా వద్దా అన్న వివాదం సుప్రీంకోర్టుకు చేరింది. 1999లో జస్టిస్ ఎం. జగన్నాథరావు ఆ తీర్పు రాస్తూ, నిపుణులతో కూడిన పర్యావరణ కోర్టులు కావాలన్నారు. ఆస్ట్రేలియాలో న్యూసౌత్ వేల్స్ రాష్ట్రం 1980లో పెట్టిన భూ, పర్యావరణ కోర్టును నమూనాగా చూపారు. ఆయనే, చట్టాల్లో మార్పులు సూచించే లా కమిషన్‌కు చైర్మన్‌గా 2003లో 186వ నివేదికలో అదే సిఫార్సు చేశారు. ట్రైబ్యునల్ చట్టం 2010లో వచ్చింది.

ఫిలిప్పీన్స్ దారి వేరు. అక్కడ 2008లో, అప్పటికే ఉన్న కోర్టుల్లో 117 కోర్టులకు పర్యావరణ కేసులు అప్పగించారు, 2010లో వాటికి ప్రత్యేక నిబంధనలు తెచ్చారు. నాకు ఇది బాగా నచ్చుతుంది, ఎందుకంటే బాధితుడికి కోర్టు దగ్గర్లో ఉంటుంది. మనకు దేశం మొత్తానికి ట్రైబ్యునల్ బెంచీలున్నది ఢిల్లీ, భోపాల్, పుణె, కోల్‌కతా, చెన్నైల్లోనే. కూలి మానుకుని చెన్నై ఎవరు వెళ్తారు? వీడియో విచారణలు వచ్చాక కొంత నయం. ఇంకో లోటు సభ్యుల ఖాళీలు. కనీసం 10 మంది న్యాయ సభ్యులు, 10 మంది నిపుణులు ఉండాలని చట్టంలో ఉన్నా, చాలాకాలం అంతమంది లేరు.

అన్నిటికన్నా బలహీనమైనది ఆర్డరు తర్వాతి దశ. శుద్ధి యంత్రం పెట్టమన్నారు సరే, అది రాత్రిపూట నడుస్తోందో లేదో చూసేదెవరు? మా దగ్గర ఆ పని ఊరివాళ్లమే చేశాం. కోర్టు బలపడాలంటే నమ్మకమైన ల్యాబులు, గడువు పెట్టి మళ్లీ మళ్లీ అడిగే బెంచి కావాలి.

మీకూ ఇలాంటి సమస్య ఉంటే ఆలస్యం చేయకండి. మామూలు పిటిషన్‌కు గడువు 6 నెలలు. తగిన కారణం చూపితే ఇంకో 60 రోజులు ఇస్తారు. నష్టపరిహారం అడగడానికి 5 ఏళ్లు. లాయర్ లేకుండా మీరే వాదించుకోవచ్చు. నీళ్ల శాంపిల్ మాత్రం ఎండాకాలంలో, సాక్షుల ముందు, తేదీ రాసి తీయించండి.