డిలీట్ నొక్కే ముందు బ్యాటరీ చూడండి

ప్రశ్న: సార్, కడపలో ఒక స్కానింగ్ సెంటర్లో కంప్యూటర్లు, సర్వర్ నేనే చూసుకుంటా. రెండు చిన్న డిస్కుల మీద విండోస్ ఉంది, ఇంకో నాలుగు 2 టీబీ డిస్కులు కలిపి రెయిడ్ 5లో (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా డిస్కులన్నీ ఒకటిగా కలిపే పద్ధతి) స్కాన్లు, బిల్లింగ్ పెట్టినారు, 3.4 టీబీ నిండింది. ఈ ఎండాకాలం నుంచి బిల్లు సేవ్ చేస్తే చానాసేపు తిరుగుతా ఉంటాది. ఆ రెయిడ్ 5 వర్చువల్ డిస్క్ డిలీట్ చేసి రెయిడ్ 10 పెట్టుకో, స్పీడ్ వస్తాది అని తెలిసినాయన చెప్తున్నాడు. డిలీట్ చేస్తే డేటా ఉంటుందా?

జవాబు: ఉండదండీ, మొత్తం పోయినట్టే. నాలుగు డిస్కుల్లో ఏ ముక్క ఎక్కడుందో కంట్రోలర్ (డిస్కులను నడిపే కార్డు) రాసిపెట్టుకున్న లెక్కే వర్చువల్ డిస్క్, డిలీట్ అంటే ఆ లెక్క చెరిపేయడం, క్షణంలో అయిపోతుంది, రీసైకిల్ బిన్ లాంటిదేమీ ఉండదు.

కానీ మీరు ఇన్నాళ్లూ బాగానే ఉండి ఈమధ్యే స్లో అయిందంటున్నారు కదా, నా అనుమానం కంట్రోలర్ బ్యాటరీ మీద. బ్యాటరీ బాగుంటే రైట్ బ్యాక్, అంటే డేటా క్యాష్‌లో, కంట్రోలర్ తాత్కాలిక మెమరీలో, పడగానే పని అయినట్టే. బ్యాటరీ పోతే కంట్రోలర్ తనంతట తానే రైట్ త్రూకి మారిపోతుంది, అప్పుడు ప్రతి బిల్లూ డిస్కు దాకా పోయి రావాలి, పైగా రెయిడ్ 5లో ఒక చిన్న రైటుకి పాత డేటా, పాత పారిటీ (డిస్కు పోతే డేటా తిరిగి లెక్కగట్టే సమాచారం) చదివి కొత్తవి రెండూ రాయాలి, అంటే నాలుగు పనులు. ముందు రైట్ పాలసీ, బ్యాటరీ స్టేటస్ చూడండి, బ్యాటరీ మారిస్తే సరిపోవచ్చు. బ్యాటరీ లేకుండా ఫోర్స్ రైట్ బ్యాక్ మాత్రం పెట్టొద్దు, మన దగ్గర కరెంటు పోయే తీరు మీకు తెలుసు, క్యాష్‌లో ఉన్న బిల్లులు దాంతోపాటే పోతాయి.

ఇంకోటి, ఒక డిస్కంత చోటు పారిటీకి పోగా ఇప్పుడు మీకు 6 టీబీ ఉంది, రెయిడ్ 10 ప్రతిదీ రెండు డిస్కుల్లో రాస్తుంది కాబట్టి అవే డిస్కులతో 4 టీబీనే, విండోస్‌లో 3.6 చూపిస్తుంది. మీ 3.4 అందులో పెడితే ఇక మిగిలేదేముంది? పెద్ద డిస్కులు కొనకుండా ఆ పని పెట్టుకోకండి.

కొని మార్చాల్సిందే అనుకుంటే ముందు బ్యాకప్ తీసి, వేరే కంప్యూటర్లో నాలుగైదు స్కాన్లు తెరిచి చూడండి. తర్వాత రెయిడ్ లెవెల్, స్ట్రైప్ సైజు (ఒక్కో డిస్కులో రాసే ముక్క సైజు), ఏ డిస్కు ఏ స్లాట్లో ఉందో ఫోన్లో ఫోటో తీసుకోండి. డెల్ సర్వర్లలో అయితే ఆన్ అయ్యేటప్పుడు ఎఫ్2 కొట్టి డివైస్ సెట్టింగ్స్‌లో కంట్రోలర్ దగ్గరికి పోవాలి, పాతవాటిలో కంట్రోల్ ఆర్. అక్కడ పేరు చూసి కాదు, సైజూ స్లాటూ చూసి, బ్లింక్ కొట్టి లైటు ఏ డిస్కు మీద వెలుగుతుందో కళ్లతో చూశాకే డిలీట్ చేయండి. అనంతపురంలో ఒక ఆఫీసులో నేను ఒకే సైజువి రెండు ఉంటే తప్పుది తీసేశాను, కంగారులో వెంటనే కొత్తది క్రియేట్ చేసి ఇనిషియలైజ్ (డిస్కును ఖాళీగా సిద్ధం చేయడం) కూడా కొట్టేశాను, ఇప్పటికీ బాధగానే ఉంటుంది. పొరపాటున డిలీట్ అయినా లోపలి డేటా వెంటనే చెరిగిపోదు, ఏమీ క్రియేట్ చేయకుండా సర్వర్ ఆపేసి రికవరీ తెలిసినవాళ్లకిస్తే ఆ ఫోటోల్లోని వివరాలతో తిరిగి కట్టే అవకాశం ఉంటుంది. ఫుల్ ఇనిషియలైజ్ అయిపోయిందంటే మాత్రం ఎవరూ ఏమీ చేయలేరు.

కొత్తది అయ్యాక విండోస్ డిస్కు భాగాల లెక్క ఏ పద్ధతిలో రాయాలి, ఎంబీఆరా జీపీటీనా అని అడుగుతుంది, జీపీటీ ఎంచుకోండి, ఎంబీఆర్‌తో 2 టీబీ దాటి వాడుకోలేరు.