సైన్సు సందేహాలు: తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ ఎవరు తాగేస్తున్నారు?

ఈ నెల విశాఖ చుట్టుపక్కల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటికి మూలం ఒక్కటే. మొక్క ఆహారం తయారుచేస్తుందని అందరికీ గుర్తుంటుంది. అది కూడా మనలాగే రాత్రింబవళ్లు శ్వాసిస్తుందన్న సంగతే మరుపున పడుతోంది.

ప్రశ్న: మాకు భీమిలి దగ్గర రొయ్యల చెరువు ఉంది. నీరు చిక్కటి పచ్చగా ఉంది, మధ్యాహ్నం డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్, లీటరుకు మిల్లీగ్రాముల్లో) 9 దాకా చూపిస్తోంది. అయినా తెల్లవారేసరికి రొయ్యలు పైకి తేలి గట్టు వెంట తిరుగుతున్నాయి. పచ్చనీరు ఆక్సిజన్ ఇస్తుందంటారు కదా, అదంతా ఏమవుతోంది?

జవాబు: పగలు ఇచ్చేదీ, రాత్రి తాగేసేదీ ఆ పచ్చదనమే. నీటిలో తేలుతూ దానికి పచ్చరంగునిచ్చే సూక్ష్మజీవులైన ప్లాంక్టన్ ఎండ ఉన్నంతసేపు కార్బన్ డయాక్సైడ్, నీరు కలిపి చక్కెర తయారుచేస్తుంది, ఆక్సిజన్ వదులుతుంది. శ్వాస మాత్రం 24 గంటలూ సాగుతుంది. పగలు తయారీదే పైచేయి కాబట్టి ఆక్సిజన్ మిగులుతుంది. పొద్దు గూకాక రాబడి ఉండదు, ఖర్చే. ప్లాంక్టన్, రొయ్యలు, అడుగున మిగిలిపోయిన మేతను కుళ్లబెట్టే బ్యాక్టీరియా అన్నీ ఆ నిల్వ మీదే పడతాయి. సూర్యోదయానికి కాస్త ముందు అది అట్టడుగుకు చేరుతుంది.

మధ్యాహ్నం 9 ఉందని ధీమా వద్దు. 30 డిగ్రీల వేడిలో చెరువు నీరు గాలితో సమతూకంలో ఉంటే లీటరుకు సుమారు 7 మిల్లీగ్రాముల ఆక్సిజనే పట్టుకుంటుంది. 9 ఉందంటే ప్లాంక్టన్ జోరుగా ఉందని, రాత్రి ఖర్చు కూడా అదే జోరులో ఉంటుందని అనుకోవాలి. రీడింగు రాత్రి 10 గంటలకు, తెల్లవారుజామున 3కు, 5కు తీయండి, అదీ అడుగు నీటిలో. 4 కంటే దిగకముందే ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిరుగుతూ ఉండాలి. నీటి తేటదనం చూడడానికి దించే సెక్కీ డిస్కు అనే పళ్లెం 30 నుంచి 40 సెంటీమీటర్ల లోతులో కనుమరుగైతే సరే. 20 దగ్గరే మాయమైతే ప్లాంక్టన్ ముదిరినట్టు. కొంత నీరు మార్చండి, మేత తగ్గించండి.

అల్పపీడనం పట్టి రెండు మూడు రోజులు మబ్బుగా ఉంటే ఇంకా జాగ్రత్త. పగటి రాబడి తగ్గుతుంది, రాత్రి ఖర్చు తగ్గదు. ఆ రోజుల్లో సాయంత్రం మేత తగ్గించి, ఏరియేటర్లు పెందలాడే వేయండి. పచ్చనీరు ఒక్కసారిగా తేటపడితే మంచిదే అనుకోకండి. ప్లాంక్టన్ చచ్చి అడుగుకు దిగిందన్నమాట. అది కుళ్లుతూ, ఉన్న కాస్త ఆక్సిజన్‌ను కూడా లాగేస్తుంది.

ప్రశ్న: నేను గోపాలపట్నంలో పదో తరగతి చదువుతున్నాను. మందార ఆకు సగానికి నల్ల కాగితం చుట్టి ఎండలో పెట్టి, తర్వాత అయోడిన్ పరీక్ష చేశాను. రెండు సగాలూ నీలంగానే మారాయి. మా స్నేహితుడి ఆకులో అసలు నీలమే రాలేదు. ఎందుకు?

జవాబు: నీ ఆకులో కనిపించింది నిన్నటి పిండిపదార్థం. కాగితం ఈరోజు తయారీని ఆపుతుందే గాని, అంతకుముందు దాచుకున్నదాన్ని తీసేయలేదు. కుండీని ముందుగా 48 గంటలు చీకటి గదిలో ఉంచు. ఆ వ్యవధిలో పిండిపదార్థం చక్కెరగా మారి కొంత శ్వాసక్రియలో ఖర్చవుతుంది, కొంత కాండానికీ వేళ్లకూ పోతుంది. చీకట్లోనే ఒక ఆకు కోసి పరీక్షించు, నీలం రాకపోతే మొక్క సిద్ధమైనట్టు. అప్పుడు కాగితాన్ని ఆకుకు రెండు వైపులా బిగించి, నాలుగైదు గంటలు మంచి ఎండలో పెట్టు.

ఆకును మరిగే నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ముంచు. స్పిరిట్ ఉన్న పరీక్షనాళికలో వేసి, ఆ నాళికను వేడినీళ్ల గిన్నెలో నిలబెట్టు. స్పిరిట్ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది కాబట్టి ఈ పని మీ సార్ ఎదురుగానే చేయాలి, మంట ఆర్పేశాకే చేయాలి. పత్రహరితం దిగిపోయి ఆకు పాలిపోయాక పెళుసుగా ఉంటుంది, గోరువెచ్చని నీళ్లలో ముంచితే మెత్తబడుతుంది. ఆకు పూర్తిగా చల్లారాకే అయోడిన్ చుక్కలు వెయ్యి.

మీ స్నేహితుడు బహుశా ఇక్కడే పొరబడి ఉంటాడు. వేడి మీద పిండిపదార్థం, అయోడిన్ కలిసినా నీలం రంగు నిలవదు, చల్లబడితేనే తేలుతుంది. పత్రహరితం సరిగ్గా దిగకపోయినా నీలం కంటికి ఆనదు.

ప్రశ్న: మధురవాడలో అపార్ట్‌మెంట్ బాల్కనీ మాది. గులాబీకి రెండు పూటలా నీళ్లు పోస్తున్నాను. మట్టి తడిగానే ఉంది, మొక్క వాడిపోతోంది. ఇంకా పోయాలా?

జవాబు: ఆపేయండి. వేళ్లకు ఊపిరాడడం లేదు. ఆక్సిజన్ గాలిలో కదిలే వేగంతో పోలిస్తే నీటిలో దాదాపు 10,000 రెట్లు నెమ్మది. మట్టి సందుల్లో నీరే నిండితే వేరు కణం ఆక్సిజన్ లేకుండానే చక్కెరను విరగ్గొట్టుకోవాలి. ఒక్కో గ్లూకోజ్ అణువుకు 30 దాకా రావలసిన ఏటీపీలు (కణం తన పనులకు వాడుకునే శక్తి అణువులు) రెండే వస్తాయి. కణంలో ఆమ్లత్వం పెరిగి, నీరు లోపలికి వచ్చే దారులు మూసుకుంటాయి. అందుకే నీళ్లలో ఉండి కూడా మొక్క దాహంతో వాడుతుంది. కుండీ అడుగు రంధ్రాలు మూసుకుపోయాయేమో చూడండి. వేళ్లు నల్లబడి మెత్తగా ఉంటే వాటిని కత్తిరించి, ఇసుక, కొబ్బరిపొట్టు కలిపిన మట్టిలోకి మార్చండి. ఇకమీదట పై మట్టిలో వేలు రెండు అంగుళాలు దించి, పొడిగా తగిలినప్పుడే పోయండి.

ప్రశ్న: ఇంటర్ చదువుతున్నాను, ఊరు గాజువాక. ఒక గ్లూకోజ్ అణువుకు ఏటీపీలు 38 అని ఒకచోట, 30 లేదా 32 అని ఇంకోచోట ఉంది. ఏది నిజం?

జవాబు: 38 పాత లెక్క. గ్లూకోజ్ నుంచి ఎలక్ట్రాన్లను మోసుకెళ్లే అణువుల్లో ఒక్కో ఎన్ఏడీహెచ్‌కు 3, ఎఫ్ఏడీహెచ్2కు 2 ఏటీపీలు వస్తాయని అప్పట్లో అనుకునేవారు. కణంలో ఏటీపీ ఎక్కువగా తయారయ్యే భాగాలైన మైటోకాండ్రియాలో కొలిచిచూస్తే దాదాపు 2.5, 1.5 అని తేలింది. గ్లూకోజ్ విరిగే తొలి దశ గ్లైకాలసిస్‌లో నేరుగా 2, తర్వాతి దశ క్రెబ్స్ వలయంలో నేరుగా 2. మైటోకాండ్రియా లోపల పుట్టే 8 ఎన్ఏడీహెచ్‌లకు 20, రెండు ఎఫ్ఏడీహెచ్2లకు 3. గ్లైకాలసిస్‌లో వచ్చిన రెండు ఎన్ఏడీహెచ్‌లు బయటే పుడతాయి, వాటి ఎలక్ట్రాన్లను లోపలికి చేర్చే దారిని బట్టి 3 గాని 5 గాని. మొత్తం 30 లేదా 32. పరీక్షలో మాత్రం మీ పాఠ్యపుస్తకం లెక్కే రాయండి, దానికే మార్కులు.

గ్లూకోజ్‌లోని శక్తిలో సుమారు మూడో వంతు ఏటీపీకి చేరుతుంది, మిగతాది వేడి. మన ఒంటి వెచ్చదనం అదే. ఇంకో మాట, ఈ ఏటీపీని 1929లో కనుగొన్నవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు. హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి ఆ పని చేశారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ విడిగా కనుగొన్నారు. తెలుగు విద్యార్థి తెలుసుకుని తీరాల్సిన పేరు సుబ్బారావు గారిది.

ప్రశ్న: పడకగదిలో మొక్కలుంటే రాత్రి కార్బన్ డయాక్సైడ్‌తో ప్రమాదమని మా అత్తగారు బయట పెట్టించేశారు. నిజమేనా?

జవాబు: మొక్క రాత్రి కార్బన్ డయాక్సైడ్ వదిలే మాట నిజమే. కానీ ఒక చదరపు మీటరు ఆకులు గంటకు వదిలేది లీటరులో పదో వంతు ఉంటే ఎక్కువ. పక్కన పడుకున్న మనిషి గంటకు 10 లీటర్లకు పైగా వదులుతారు. అత్తగారికి ఈ లెక్క చూపించి మొక్కను లోపలికి తెచ్చుకోండి. అయితే గది వెలుగు బయటి ఎండలో నూరో వంతు కూడా ఉండదు, మొక్కకు తయారీ కంటే ఖర్చే ఎక్కువై చిక్కిపోతుంది. కిటికీ వారగా పెట్టండి.