అమ్మణ్ణికి పెద్దమ్మ ఉత్తరం: నీ కన్వర్టర్‌కు తోడు మనుషులు

తిరుపతి

చిరంజీవి అమ్మణ్ణికి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ చదివాను. అను ఫాంట్లలో ఉండిపోయిన పాత డీటీపీ ఫైళ్ళను, అంటే ప్రెస్సుల్లో పేజీలు కట్టిన ఫైళ్ళను, ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చే ప్రోగ్రాము రాసి, కోడ్ పంచుకునే గిట్‌హబ్ సైటులో పెట్టావు. తెలిసినవాళ్ళందరికీ లింకు పంపావు. అందరూ బాగుందన్నారు, ఒక్కరూ వచ్చి చెయ్యి వెయ్యలేదు. మనుషుల్ని ఎక్కడ వెతకాలి పెద్దమ్మా అని అడిగావు. వెతికే చోట్లు చెప్తాను. కానీ నీ రిపో, అంటే అక్కడ నీ ప్రాజెక్టు ఫైళ్ళున్న చోటు, తెరిచి చూశాను గనక దానికంటే ముందు ఒక మాట చెప్పాలి. వచ్చినవాళ్ళు చెయ్యడానికి అక్కడ నువ్వు పనేమీ పెట్టలేదు. "ఆసక్తి ఉన్నవాళ్ళు సాయం చెయ్యండి" అని మాత్రం రాశావు. ఆ మాట చదివి, రేపు సాయంత్రం గంట తీరిక చేసుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్న పిల్లోడికి ఎక్కడ మొదలుపెట్టాలో తెలీదు.

కొండమీద శ్రీవారి సేవకు వచ్చేవాళ్ళను చిన్నప్పటి నుంచీ చూస్తున్నావు కదమ్మా. ఏ జిల్లా నుంచో వచ్చిన ఆయమ్మకు అన్నప్రసాదం దగ్గర కూరగాయలు తరిగే పని అప్పజెప్తారు. ఎక్కడ కూర్చోవాలో, ఎంతసేపు ఉండాలో చెప్తారు. వంటశాల మొత్తం ఎట్లా నడుస్తుందో ఆయమ్మకు తెలియనక్కర్లేదు. వచ్చిన రోజే పని మొదలవుతుంది, చేసిన పని కళ్ళముందే కనిపిస్తుంది. నీ ప్రాజెక్టులోనూ పని అట్లా సిద్ధం చేసి పెట్టుకున్నాకే మనుషుల్ని పిలవాలి.

సిద్ధం చెయ్యడమంటే ఏమిటో నీ ప్రోగ్రాములోదే ఒకటి చూపిస్తాను. "స్త్రీ" అనే మాట తీసుకో. పాత ఫాంట్లలో అక్షరం ముక్కలు కంటికి కనిపించే వరసలో ఉంటాయి: ముందు సీ, ఆ తర్వాత త వత్తు, ర వత్తు. యూనికోడ్‌లో స, పొల్లు, త, పొల్లు, ర, అన్నిటికంటే చివర గుడి దీర్ఘం. అంటే ముందున్న దీర్ఘాన్ని వత్తులన్నీ దాటించి చివర పెట్టాలి. వత్తు ఒకటే ఉంటే నీ ప్రోగ్రాము సరిగ్గానే మారుస్తోంది, రెండుంటే దీర్ఘాన్ని మధ్యలోనే వదిలేస్తోంది. ఇది నీకూ తెలుసు, సరిచెయ్యాల్సిన పనిగా గిట్‌హబ్‌లో ఇష్యూ కూడా తెరిచావు. కానీ అందులో రాసింది "వత్తుల సమస్య" అన్న రెండు మాటలే. అది నీకు గుర్తు కోసం రాసుకున్న చీటీ అవుతుందే గానీ, ఇంకొకరు అందుకోవడానికి పనికిరాదు.

దాన్నే ఇట్లా రాయి. ఈ ఒక్క మాట ఉన్న ఇన్‌పుట్ ఫైలు ఇదిగో. రావలసింది ఇది, వస్తున్నది ఇది. చూడాల్సిన ఫంక్షను ఫలానా ఫైల్లో ఉంది. మార్చాక ఈ కమాండ్ కొడితే టెస్టు పాస్ కావాలి. పైథాన్ కొద్దిగా వచ్చినవాళ్ళకు ఒక సాయంత్రం పట్టొచ్చు. రాసి, దానికి గిట్‌హబ్‌లో ఉన్న "గుడ్ ఫస్ట్ ఇష్యూ" లేబుల్ తగిలించు. కొత్తగా చేరాలనుకునేవాళ్ళు ఆ లేబుల్ పట్టుకునే వెతుకుతారు. ఇట్లాంటివి ఓ అరడజను తయారయ్యేదాకా ఎవరినీ పిలవొద్దు. ఇంకో సంగతి, ఇది కష్టంగానే ఉంటుంది: అవి నువ్వైతే అరగంటలో సరిచేసేస్తావు. చెయ్యొద్దు. వాళ్ళ కోసం ఉంచు.

ప్రోగ్రామును ఎట్లా ఇన్‌స్టాల్ చేసి వాడాలో చెప్పే రీడ్‌మీ ఫైలు తెలుగులో కూడా ఉండాలి. నీ మెషిన్‌లో నడిచిందని ఊరుకోకుండా, విండోస్ ఉన్న ఇంకొకరి కంప్యూటర్ ముందు ఆ మనిషినే కూర్చోబెట్టి, నువ్వు నోరు విప్పకుండా చూడు. ఎక్కడ ఆగిపోయారో అక్కడ నీ రీడ్‌మీ సరిగ్గా లేదని అర్థం. ఇన్‌స్టాల్ దగ్గరే ఆగిపోయినవాళ్ళు నీకు చెప్పరమ్మా, వెళ్ళిపోతారంతే.

లైసెన్సు ఫైలు లేదు, ఈ వారమే పెట్టు. కోడ్ అందరికీ కనిపిస్తున్నంత మాత్రాన అందరూ వాడుకోవచ్చని కాదు, లైసెన్సు లేకపోతే హక్కులన్నీ నీ దగ్గరే ఉన్నట్టు లెక్క. ఎంఐటీ అయితే నీ పేరూ లైసెన్సు పాఠమూ ఉంచి ఎవరైనా ఎట్లాగైనా వాడుకోవచ్చు. జీపీఎల్ అయితే, మార్చి పంచేవాళ్ళు తమ మార్పుల సోర్సును కూడా అదే షరతు మీద ఇవ్వాలి. నేనైతే జీపీఎల్ అంటాను. ఊరికే వచ్చి పనిచేసినవాళ్ళ కష్టాన్ని రేపు ఎవరూ మూసిపెట్టుకోలేరన్న భరోసా దాంట్లో ఉంది. పదిమంది చేరాక లైసెన్సు మార్చాలంటే ఆ పదిమందీ ఒప్పుకోవాలి, అందుకే ఇప్పుడే తేల్చుకో.

పిలిచే పద్ధతికి ఒక పాత ఉదాహరణ ఉంది. లైనస్ టోర్వాల్డ్స్ హెల్సింకిలో చదువుకుంటూ, 1991 ఆగస్టు 25న, మినిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాడేవాళ్ళకు తన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ గురించి రాశాడు, అదే తర్వాత లినక్స్ అయింది. గొప్పగా ఏమీ చెప్పుకోలేదు, సరదాకి చేస్తున్నానన్నాడు. కానీ దాని మీద అప్పటికే బాష్, జీసీసీ అనే ప్రోగ్రాములు నడుస్తున్నాయని చెప్పాడు. మినిక్స్‌లో మీకు ఏం నచ్చింది, ఏం నచ్చలేదు అని అడిగాడు. నడుస్తున్న వస్తువు ఒకటి చేతిలో ఉంది, చదివినవాళ్ళు వెంటనే జవాబు చెప్పగల ప్రశ్న ఒకటి ఉంది. నువ్వూ అట్లాగే అడుగు. "నా ప్రాజెక్టులో చేరండి" అనకుండా, "మీ దగ్గరున్న పాత ఫైల్లో ఒక పేజీ దీంట్లో వేసి, ఏ అక్షరం తప్పొచ్చిందో చెప్పండి" అను. తప్పు చూపించినవాళ్ళలోంచే ఒకరిద్దరు దాన్ని సరిచేస్తామని కూర్చుంటారు. పనిచేసేవాళ్ళు వాడేవాళ్ళలోంచే వస్తారు.

ఇక చోట్లు. నీకు ముందు కావలసింది కోడ్ రాసేవాళ్ళు కాదు, ఆ ఫాంట్ల గుట్టు తెలిసిన డీటీపీ ఆపరేటర్లు. ఏళ్ళ తరబడి పేజ్‌మేకర్‌లో తెలుగు కొట్టిన అన్నకు ఏ కీ నొక్కితే ఏ ముక్క వస్తుందో చూడకుండా తెలుసు. తిరుపతిలో, చిత్తూరులో ప్రెస్సుల దగ్గరికి నువ్వే నడిచి వెళ్ళాలి. పెళ్ళి ముహూర్తాల రోజుల్లో వెళ్ళొద్దు, పత్రికల పనితో వాళ్ళకు తల ఎత్తే తీరిక ఉండదు. ఆషాఢంలోనో మూఢంలోనో వెళ్ళు, కూర్చోబెట్టి మాట్లాడతారు. వాళ్ళ సొంత పాత ఫైలు ఒకటి మార్చి చూపించి, ఆ తర్వాత అడుగు.

పాఠం సరిచూడడానికి ఎస్వీ యూనివర్సిటీలో, మహిళా విశ్వవిద్యాలయంలో తెలుగు చదివే పిల్లలున్నారు. జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయానికి తప్పకుండా వెళ్ళు. తెలుగు లిపిలో సంస్కృతం రాసేవాళ్ళ దగ్గర "కార్త్స్న్యం" లాంటి మాటలు దొరుకుతాయి, నీ వత్తుల కోడ్‌కు అంతకంటే గట్టి పరీక్ష ఇంకొకటి ఉండదు. కోడ్ కోసం ఇంజనీరింగ్ కాలేజీలు, ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉన్నాయి. సెమిస్టర్ పరీక్షల ముందు మాత్రం ఎవరినీ కదిలించొద్దు. ఊరి బయట చూస్తే, 2003 నుంచి నడుస్తున్న తెలుగు వికీపీడియాలో రాసేవాళ్ళకు ఇట్లాంటి కన్వర్టర్ విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. వార్తాపత్రికల వెబ్‌సైట్లు వేరే వేరే ఫాంట్లతో నడిచిన రోజుల్లో వెన్న నాగార్జున గారు పద్మ అనే ఎక్స్‌టెన్షన్ రాశారు, ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్‌లో ఆ పేజీల్ని యూనికోడ్‌గా మార్చి చూపేది. అది ఎట్లా చేశారో చదువు. ముందువాళ్ళు నడిచిన దారి తెలిసిన మనిషితో కలిసి పనిచెయ్యడానికి ఎవరైనా ఇష్టపడతారు.

సర్టిఫికెట్ ఎర వెయ్యొద్దు. ఇట్లాంటి ప్రాజెక్టులకు సాయం చెయ్యమని అక్టోబర్‌లో జరిపే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, టీషర్టు కోసమని 2020లో పనికిమాలిన పుల్ రిక్వెస్టులు, అంటే నా మార్పు కలుపుకోండి అనే అభ్యర్థనలు, కుప్పలుగా వచ్చిపడి, ప్రాజెక్టులు నడిపే మెయింటెయినర్లు తలలు పట్టుకున్నారు. ఆ తర్వాత, ఒప్పుకున్న ప్రాజెక్టులనే లెక్కలోకి తీసుకునేట్టు నిర్వాహకులు నియమం మార్చారు. పనిచేసిన పిల్లకు ఏం చేసిందో వివరంగా, నిజంగా ఒక ఉత్తరం రాసివ్వు, ఉద్యోగానికి వెళ్ళినప్పుడు అది పనికొస్తుంది. కంట్రిబ్యూటర్ల ఫైల్లో ప్రెస్సు అన్న పేరు, అక్షరాలు సరిచూసిన అమ్మాయి పేరు కూడా కోడ్ రాసినవాళ్ళ పేర్లతో సమానంగా ఉండాలి.

వచ్చినవాళ్ళు నిలబడేదీ జారిపోయేదీ మొదటి జవాబు దగ్గరే. పుల్ రిక్వెస్టు పంపిన పిల్లోడు గంటకోసారి ఫోన్ తీసి చూసుకుంటాడు. రెండు రోజుల్లోపల జవాబివ్వు. చదవడానికి తీరిక లేకపోతే "చూశాను, ఆదివారం చదివి చెప్తాను" అని రాయి, చెప్పినట్టే ఆదివారం చదువు. చిన్నచిన్న తేడాలు పట్టుకుని నాలుగుసార్లు వెనక్కి తిప్పొద్దు, తీసుకుని ఆ తేడాలు నువ్వే సరిచేసుకో. తీసుకోలేనిదైతే ఎందుకో కారణం చెప్పి, వెంటనే వాళ్ళ చేతికి సరిపడే ఇంకో పని చూపించు. మన పిల్లలకు పదిమంది ముందు ఇంగ్లీషులో ప్రశ్న అడగాలంటే మొహమాటం. ఇష్యూల్లో తెలుగులో రాయొచ్చని పైనే రాసిపెట్టు. అయినా వాట్సాప్‌లో నీ ఒక్కదానికే అడుగుతారు. అక్కడే జవాబు చెప్పు, కానీ ఆ ప్రశ్నా జవాబూ పేరు లేకుండా రిపోలో కూడా పెట్టు, తర్వాత వచ్చేవాళ్ళకు దొరుకుతుంది.

కమిట్ హక్కు, అంటే కోడ్‌లో మార్పులు నేరుగా కలిపే హక్కు, ఇవ్వడానికి తొందర వద్దు, ఎవరికీ ఇవ్వకుండానూ ఉండొద్దు. 2024 మార్చిలో ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే, ఫైళ్ళు కుదించే ప్రోగ్రాము సంగతి బయటపడింది. రెండేళ్ళకు పైగా సాయం చేస్తూ నమ్మకం సంపాదించిన ఒక అకౌంటు, చివరికి అందులో దొంగదారి పెట్టింది. లాగిన్ అర సెకను ఆలస్యమవుతోందేమిటని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వితే దొరికింది. ఏళ్ళ తరబడి ఒక్కడే అలసిపోతూ నడిపిన ప్రాజెక్టు అది, రెండో మనిషి కావాలన్న ఒత్తిడిలో అట్లా జరిగింది. నువ్వు కలిసి మాట్లాడిన, పని చూసిన ఒకరిని నీకు అలసట రాకముందే పక్కన పెట్టుకో. ఒకరి మార్పు ఇంకొకరు చూశాకే కలపాలని ఇద్దరూ నియమం పెట్టుకోండి, నీ మార్పులకు కూడా అదే నియమం.

మనుషుల్ని పిలిచే ముందు చెయ్యాల్సిన పని ఇంకొకటుంది. టెస్టు ఫైళ్ళలో నిజమైన పెళ్ళిపత్రికలు పెట్టావు, వాటిలో పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. ఊరికే డిలీట్ చేస్తే పాత కమిట్లలో, అంటే దాచిపెట్టిన పాత మార్పుల్లో, మిగిలే ఉంటాయి, గిట్ ఫిల్టర్ రిపో అనే పనిముట్టుతో ఆ చరిత్రలోంచే తియ్యి. వాటి బదులు కాపీహక్కు తీరిన రచనలు వాడు, మన చట్టంలో రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ళ దాకా హక్కు ఉంటుంది. ఫాంటు ఫైలు కూడా తీసెయ్యి, అది కంపెనీ సొత్తు. ఏ ముక్క ఏ అక్షరమో చెప్పే పట్టిక ఉంటే నీకు చాలు.

అవి తీసేశాక లింకు మళ్ళీ పంపు. తెలుగు రీడ్‌మీ సరిదిద్దే పని ఇష్యూగా తెరిచి నా పేరున వెయ్యి. పనిలో పనిగా నా విండోస్ మెషిన్‌లో ఇన్‌స్టాల్ చేసి, ఎక్కడ ఆగిపోయానో అందులోనే రాస్తాను.

ఇట్లు
మీ పెద్దమ్మ