చెట్లు పెంచడానికి నిధులు అడగబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ కాలనీ సంక్షేమ సంఘం తరఫున రోడ్డుకు ఇరుపక్కలా, లేఅవుట్‌లో పార్కు కోసం వదిలిన స్థలంలోనూ 500 మొక్కలు నాటాలని నిర్ణయించుకున్నారనీ, అందుకు నిధులు ఎక్కడ దొరుకుతాయో చెప్పమనీ నువ్వు రాసిన ఉత్తరం అందింది. దానితో జతచేసిన అంచనా కాగితాన్ని కూడా శ్రద్ధగా చదివాను. అందులో మొక్కల ధర ఉంది, గుంతల తవ్వకం ఉంది, ట్రీగార్డులు ఉన్నాయి, ప్రారంభోత్సవం రోజు షామియానా అద్దె కూడా ఉంది. వచ్చే ఏప్రిల్‌లో ఆ మొక్కలకు నీళ్లు ఎవరు పోస్తారో, ఆ మనిషికి కూలి ఎవరిస్తారో మాత్రం ఎక్కడా లేదు. పురపాలక ఉద్యానవన విభాగంలో పనిచేసినన్నాళ్లూ, ఆ తర్వాత సంఘాలకు దరఖాస్తులు రాసిపెడుతూ వచ్చిన ఈ కాలమంతా నేను చూసింది ఇదే: నాటడానికి డబ్బు ఎలాగో పుడుతుంది, బతికించడానికే పుట్టదు. అందువల్ల మీరు మూడు వేసవుల ఖర్చును ముందు వేసుకుని, దానికి మొక్కల ఖర్చును కలిపి అడగాలి.

నీళ్ల లెక్క ఒక్కటి చూడు. నల్లగొండ ఎండ సంగతి నీకు నేను చెప్పనక్కర్లేదు. ఫిబ్రవరి రెండో వారం నుంచి జూన్ మధ్యలో తొలకరి పడేదాకా సుమారు 18 వారాలు. మొక్కకు తడవకు 20 లీటర్ల చొప్పున 500 మొక్కలకు 10,000 లీటర్లు, అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు రెండు. వారానికి రెండు తడులంటే నాలుగు ట్యాంకర్లు, వేసవి మొత్తానికి 72. రెండో వేసవికీ అంతే వేసుకోవాలి. మూడో వేసవికి వేళ్లు కాస్త లోతుకు దిగుతాయి కాబట్టి వారానికి ఒక తడి చాలనుకుంటే 36. మొత్తం 180 ట్యాంకర్లు. మీ ఊళ్లో ట్యాంకరు ధరతో దీన్ని గుణించి చూస్తే, మొక్కల ధర ఎంత చిన్న అంకో నీకే అర్థమవుతుంది. పైగా మున్సిపల్ నర్సరీలో అడిగితే మొక్కలు ఉచితంగానో నామమాత్రపు ధరకో దొరికే అవకాశం ఉంది. దీనికి పాదులు సరిచేసి, కలుపు తీసి, మేకలను తోలే ఒక మనిషి కూలినీ, విరిగిన గార్డుల మరమ్మతునూ, చనిపోయిన మొక్కల స్థానంలో మరుసటి జూలైలో మళ్లీ నాటే ఖర్చునూ కలిపి ఏడాదివారీగా పట్టిక వెయ్యి. అలాంటి పట్టిక ఉన్న దరఖాస్తును చూసిన అధికారి గాని, కంపెనీ ప్రతినిధి గాని మీరు పని తెలిసినవాళ్లని మొదటి పేజీలోనే గ్రహిస్తారు.

ఇక నిధుల దారుల విషయానికి వస్తే, ముందు మీ మున్సిపాలిటీ గడపే తొక్కాలి. తెలంగాణ పురపాలక చట్టం, 2019 ప్రకారం ప్రతి పురపాలక సంఘం తన బడ్జెట్‌లో 10 శాతాన్ని హరిత బడ్జెట్‌గా పచ్చదనానికి కేటాయించాలి. నాటిన మొక్కల్లో కనీసం 85 శాతం బతికించే బాధ్యతను కూడా ఆ చట్టం వార్డు స్థాయిలో పెట్టింది. ఈ రెండో నిబంధన మీకు పెద్ద అండ. మొక్కలు చస్తే జవాబు చెప్పుకోవలసినవాళ్లకు, మూడేళ్లు కాపాడతామని రాతపూర్వకంగా ముందుకొచ్చే కాలనీ సంఘం భారం కాదు, ఊరట. కనుక కమిషనర్ గారి దగ్గరకు డబ్బు అడగడానికి వచ్చినవాళ్లలా కాకుండా, ఆ 85 శాతం బాధ్యతను పంచుకోవడానికి వచ్చినవాళ్లలా వెళ్లండి. ట్యాంకరు నీళ్లు, గుంతల తవ్వకానికి యంత్రం, నర్సరీ మొక్కలు మున్సిపాలిటీ నుంచి వస్తువుగా, సేవగా అడగండి. నగదు చేతికి ఇమ్మంటే ఫైలు ఎన్ని బల్లలు తిరగాలో అన్నీ తిరుగుతుంది. అదే చట్టం కింద ప్రతి వార్డుకూ యువతకు, మహిళలకు, వయోవృద్ధులకు, ప్రముఖులకు వేర్వేరుగా వార్డు కమిటీలు ఉండాలి. వాటిలో మీ కాలనీవాళ్లు ఉంటే ప్రతిపాదన వార్డు నుంచే వచ్చినట్టు నమోదు చేయించడం ఇంకా మంచిది.

రెండో దారి కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధులు. కంపెనీల చట్టం, 2013లోని 135వ సెక్షన్ కింద నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లకు చేరిన కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చు చేయాలి. ఏయే పనులకు ఖర్చు చేయవచ్చో చెప్పే ఆ చట్టం ఏడో షెడ్యూలులో పర్యావరణ పరిరక్షణ ఉంది, తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలనీ చట్టం చెబుతుంది. అందుచేత హైదరాబాద్‌లో ప్రధాన కార్యాలయాల చుట్టూ తిరిగేకంటే మీ జిల్లాలో ఫ్యాక్టరీ ఉన్న సిమెంటు కంపెనీని ముందు అడగడం తెలివైన పని. అయితే ఒక చిక్కుంది. కంపెనీ తరఫున పని చేసే సంస్థకు ఆదాయపు పన్ను చట్టం కింద 12ఏ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను రాయితీ) అని అందరూ పిలిచే నమోదులు, అలాంటి పనుల్లో కనీసం మూడేళ్ల అనుభవం, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్‌ఆర్-1 పత్రం ద్వారా వచ్చే నంబరు ఉండాలి. మీ సంఘం సొసైటీగా నమోదైనంత మాత్రాన ఇవేవీ వచ్చినట్టు కాదు. కాబట్టి ఈ అర్హతలున్న ఒక ట్రస్టును అమలు సంస్థగా పెట్టుకుని, మీరు స్థానిక నిర్వహణ చూసేలా మూడు పక్షాల ఒప్పందం రాసుకోవాలి. లేదా బిల్లులు కంపెనీయే నేరుగా చెల్లించేలా మాట్లాడుకోవాలి.

ఈ నిబంధనల్లోనే మీకు పనికొచ్చే గొప్ప వెసులుబాటు ఒకటి ఉంది, చాలామంది దాన్ని అడగనే అడగరు. పనిని కొనసాగే ప్రాజెక్టుగా ఆమోదించుకుంటే, మొదలుపెట్టిన ఆర్థిక సంవత్సరం కాక మరో మూడేళ్లు దానిమీద ఖర్చు చేయవచ్చు. ఆ ఏడాది మిగిలిన సొమ్మును కంపెనీ ప్రత్యేక ఖాతాలో వేసి ఉంచుతుంది. నేను చెబుతున్న మూడు వేసవులు ఆ గడువులో హాయిగా ఇముడుతాయి. ఒక ఊళ్లో బస్టాండు దారిలో ట్రీగార్డుల మీద దాత పేరున్న నీలం రేకులు మే నెల ఎండకు తళతళ మెరుస్తుంటే, లోపల పట్టుకుంటే పుటుక్కున విరిగే కానుగ పుల్లలు నిలబడి ఉండడం నా కళ్లారా చూశాను. అక్కడ డబ్బుకు లోటు రాలేదు. ఒక్క ఏడాదికే మంజూరు చేయించుకుని, మార్చి 31తో ఖాతా మూసేశారు. కనుక ప్రతిపాదన మొదటి వాక్యంలోనే అది బహుళ సంవత్సరాల ప్రాజెక్టు అని రాయి.

కేంద్ర పథకాల విషయం క్లుప్తంగా చెబుతాను. 2020 జూన్ 5న ప్రకటించిన నగర వన యోజన కింద అటవీ భూమిని వేరే పనులకు వాడినప్పుడు పరిహారంగా వసూలు చేసే కాంపా నిధి నుంచి హెక్టారుకు 4 లక్షల రూపాయల సాయం ఉంది గాని, నగర వనానికి కనీసం 10 హెక్టార్లు, నగర వాటికకు కనీసం ఒక హెక్టారు కావాలి. మీ పార్కు స్థలం ఎకరం కూడా లేదు కాబట్టి దానిమీద కాలం వృథా చేయకు. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం 2019లో మొదలైనప్పుడు తెలంగాణ నుంచి హైదరాబాద్, పటాన్‌చెరుతో పాటు నల్లగొండను కూడా చేర్చారు. రోడ్డు అంచుల దుమ్మును తగ్గించే పచ్చదనం ఆ కార్యాచరణలో భాగమే. ఈ ఏడాది ప్రణాళికలో మీ రోడ్డును చేర్చే వీలుందేమో మున్సిపల్ ఇంజినీరును అడుగు.

కాలం విషయంలో దాతల క్యాలెండరు వేరు, వాన క్యాలెండరు వేరు. అక్టోబరు, నవంబరుల్లోనే ప్రతిపాదన ఇస్తే కొత్త ఆర్థిక సంవత్సరం ఆరంభంలో మంజూరు తెచ్చుకోవచ్చు. మే నెలలో గుంతలు తవ్వి ఎండనిచ్చి, చెరువు మట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి ఉంచుకుని, రెండు మంచి వానలు పడ్డాక నాటవచ్చు. ఏడాది చివర మిగిలిన బడ్జెట్ ఖర్చు చేయాలని ఎవరైనా ఫిబ్రవరిలో నాటమంటే, ఆ డబ్బుతో గార్డులు కొని పెట్టుకుని నాటడం జూలైకి వాయిదా వేయమని నచ్చజెప్పు. ప్రకాశం, నెల్లూరు జిల్లాల్లో అయితే ఈశాన్య రుతుపవనాన్ని నమ్ముకుని అక్టోబరులో నాటుకుంటారు; మనకు అది కుదరదు.

స్థలానికి సంబంధించి రెండు కాగితాలు లేకుండా అడుగు వేయవద్దు. ఒకటి కౌన్సిల్ తీర్మానం నకలు, రెండోది ఆ రోడ్డు ఎవరిదైతే ఆ శాఖ రాతపూర్వక అనుమతి. రోడ్డు విస్తరణ ప్రతిపాదన ఉందేమో మాస్టర్ ప్లాన్‌లో చూడకుండా నాటితే, నీడ ఇచ్చే వయసుకు రాగానే చెట్లు కొట్టేస్తారు. మంచినీటి పైపులైను ఎటు పోతుందో లైన్‌మన్‌ను వెంట పెట్టుకుని నడిచి గుర్తులు పెట్టు. కరెంటు తీగల కింద దేవకాంచనం, రేల వంటి పొట్టి రకాలు, అవతలి వైపు వేప, కానుగ, పొగడ, నేరేడు పెట్టండి. త్వరగా పచ్చగా కనిపిస్తుందని ఎవరైనా కోనోకార్పస్ ఇస్తామంటే వద్దనండి. దాన్ని నర్సరీల్లో పెంచవద్దని ప్రభుత్వమే ఆదేశించింది. ఎకరానికి 4,000 మొక్కలు కుక్కే యాదాద్రి నమూనా చిట్టడవికి దాతలు ముచ్చటపడతారు. బీడు భూమికి అది మంచిదే గాని, పిల్లలు ఆడుకునే పార్కుకూ, నడిచేవాళ్లకు నీడ కావలసిన రోడ్డుకూ పనికిరాదని నా అభిప్రాయం.

లెక్కలకు వేరే బ్యాంకు ఖాతా తెరవండి. ప్రతి మొక్కకూ నంబరు వేసి, ఎక్కడ తీశామో నమోదయ్యే జియోట్యాగ్ ఫోటో తీసి, జూన్‌లో ఒకసారి, డిసెంబరులో ఒకసారి బతికినవెన్నో లెక్కించి రిజిస్టరులో రాయండి. చనిపోయినవాటిని దాచవద్దు; కారణంతో సహా నివేదికలో పెడితేనే తిరిగి నాటే విడతను అడిగే హక్కు ఉంటుంది. ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో తెలిపే వినియోగ ధ్రువపత్రం గడువుకు ముందే పంపే సంఘానికి రెండో విడత ఆలస్యం కావడం నేను అరుదుగా చూశాను.

ముందుగా నీటి పట్టికను సరిచేసి, షామియానా పద్దు తీసేసి, దాని స్థానంలో కాపలా మనిషి కూలి రాయి. సోమవారం అధికారులు అర్జీలు తీసుకునే ప్రజావాణిలో కౌన్సిల్ తీర్మానం కోసం అర్జీ ఇచ్చి రసీదు తీసుకో. ఆ రసీదు నకలు, కొత్త అంచనా నాకు పంపితే, దరఖాస్తు ముసాయిదా నేను దిద్ది తిరుగు టపాలో పంపుతాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య