గిట్ రిపోజిటరీని టొరెంట్‌లో పెట్టొచ్చా?

ప్రశ్న: మా ప్రాజెక్టు కోడ్‌నీ దాని మార్పుల చరిత్రనీ గిట్‌లో దాచుకునే రిపోజిటరీ బాగా పెరిగిపోయింది. కొత్తవాళ్లు క్లోన్ చేస్తుంటే, అంటే మొత్తం కాపీ దింపుకుంటుంటే, సగంలో నెట్ పోతుంది, మళ్లీ సున్నా నుంచి మొదలు. సర్వరేమో చిన్నది. ఆ చరిత్రంతా ఉండే డాట్ గిట్ ఫోల్డర్‌ని ఉన్నదున్నట్టు టొరెంట్ చేసేస్తే పోలా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఆలోచన మంచిదేనండీ, కానీ ఫోల్డర్‌ని మాత్రం అలా వదలకండి.

ఆగిన చోటి నుంచి క్లోన్‌ని కొనసాగించడం గిట్‌కి చేతకాదు. టొరెంట్‌కి అదే పని: ఫైలుని ముక్కలు చేసి, ఏ ముక్క ఎవరి దగ్గర దొరికితే అక్కడ తీసుకుని, హ్యాష్ (లోపలి డేటా నుంచి లెక్కగట్టే వేలిముద్ర లాంటి కోడ్) సరిపోతేనే ఉంచుకుంటుంది. గిట్ కూడా ప్రతి వస్తువునీ హ్యాష్‌తోనే గుర్తుపడుతుంది కాబట్టి ఈ రెండింటికీ జోడీ కుదురుతుందనే ఎవరికైనా అనిపిస్తుంది. తంటా ఎక్కడంటే, టొరెంట్ లోపల ఒక్క బైటు మారినా ఆ టొరెంట్‌ని గుర్తుపట్టే హ్యాష్, అంటే ఇన్ఫోహ్యాష్, మారిపోతుంది, ఇక అది వేరే టొరెంటే. డాట్ గిట్ ఫోల్డరేమో కమిట్ చేస్తే (కొత్త మార్పు నమోదు చేస్తే) మారుతుంది, చేయకపోయినా గిట్ తనని తాను సర్దుకునే గిట్ జీసీ నడిస్తే, చరిత్రని కుదించి దాచే ప్యాక్ ఫైళ్లు మారతాయి. పైగా ఒకే కమిట్లున్న ఇద్దరి ప్యాక్ ఫైళ్లు బైటుకి బైటు ఒకేలా ఉండాలని లేదు, అలాంటప్పుడు ఒకరు ఇంకొకరికి సీడ్ చేయలేరు, అంటే తమ దగ్గరున్న ముక్కలు పంచలేరు. కాన్ఫిగ్ ఫైల్లో సర్వర్‌లోకి వెళ్లడానికి పాస్‌వర్డ్‌లా వాడే మీ టోకెన్ ఏదైనా ఉంటే దాన్నీ పంచిపెట్టినట్టే.

దీనికి బండిల్ ఉంది. 'గిట్ బండిల్ క్రియేట్' అని ఫైలు పేరిచ్చి, చివర 'డ్యాష్ డ్యాష్ ఆల్' కొడితే చరిత్ర మొత్తం ఒకే ఫైల్లోకి వస్తుంది. కదలని ఫైలు, టొరెంట్‌కి సరిగ్గా కావలసింది అదే. దింపుకున్నవాళ్లు ఆ ఫైలు నుంచే క్లోన్ చేసి, ఆరిజిన్ అడ్రసుని (గిట్ కొత్త మార్పులు ఎక్కడ వెతకాలో చెప్పేది) అసలు సర్వర్‌కి మార్చి ఫెచ్ కొడితే, ఆ తర్వాత వచ్చిన కమిట్లు మాత్రమే సర్వర్ నుంచి వస్తాయి. కొన్నాళ్లకి పాత ట్యాగ్ (ఒక కమిట్‌కి పెట్టుకున్న గుర్తుపేరు) నుంచి ఇప్పటిదాకా ఉన్నవాటితో చిన్న బండిల్ చేసి అదీ వదలొచ్చు, దానికి ముందు భాగం తమ దగ్గర ఉందో లేదో బండిల్ వెరిఫై చెప్పేస్తుంది. ట్యాగ్‌లకి సంతకం మాత్రం పెట్టండి. ముక్కలు చెడిపోలేదని టొరెంట్ చెప్తుంది గానీ అవి మీవేనని చెప్పదు.

ఇక అసలు సర్వరే లేకుండా నడపాలంటే, 'ఇప్పుడు మెయిన్ బ్రాంచ్ ఏ కమిట్ దగ్గరుంది?' అనేది ఎవరు చెప్పాలన్నదే పెద్ద చిక్కు. 2015లో క్రిస్ బాల్ గిట్‌టొరెంట్ అని ఒక ప్రయోగం చేశారు, అందులో ఆ సమాచారాన్ని పబ్లిక్ కీ సంతకంతో డీహెచ్‌టీలో, అంటే సర్వర్ లేకుండా టొరెంట్ వాడేవాళ్ల కంప్యూటర్లే కలిసి నడిపే పట్టికలో, ఉంచారు. ఇవాళ కొత్తగా మొదలుపెట్టేవాళ్లయితే రాడికల్ చూడండి, అది గిట్ మీదే కట్టిన పీర్ టు పీర్ వ్యవస్థ. మీ ఇబ్బంది క్లోన్ ఒక్కటే కాబట్టి నన్నడిగితే అంతదూరం అక్కర్లేదు, బండిల్ చాలు.

ప్రశ్న: ప్రైవేటు కోడ్‌ని కూడా ఇలా పంచుకోవచ్చా?
- మరో పాఠకుడు

జవాబు: వద్దు. ఇన్ఫోహ్యాష్ తెలిసినవాళ్లెవరైనా దింపుకోవచ్చు, సీడ్ చేసేవాళ్ల ఐపీ అడ్రసులూ కనబడతాయి. ఎప్పుడో కమిట్ చేసి తర్వాత తీసేసిన పాస్‌వర్డ్ కూడా చరిత్రలో అలాగే ఉంటుంది, బయటికి పోయాక వెనక్కి రాదు. పంపక తప్పదంటే బండిల్‌ని ముందు జీపీజీ అనే సాఫ్ట్‌వేర్‌తో ఎన్‌క్రిప్ట్ చేసి, అప్పుడు పంపండి.