పాట ఎక్కడ తమ్ముడూ?

తమ్ముడూ,

మీ ఫ్రెండ్స్ బ్యాండ్ చివరి షో మీద నువ్వు రాసింది చదివాను, కాసేపు పక్కన పెట్టి మళ్ళీ చదివాను. నువ్వు రాయగలవు, అందులో డౌట్ లేదు. కానీ ఇన్ని పేజీల్లో ఎవరెవరు ఏడ్చారో ఉంది, ఎవరు ఎవర్ని పట్టుకుని వదల్లేదో ఉంది, స్పీచులున్నాయి, పాత రోజుల కబుర్లున్నాయి, పాట మాత్రం ఎక్కడా లేదు. ఆ సాయంత్రం వాళ్ళు ఏం వాయించారు, ఎలా వాయించారు అనేది "అద్భుతంగా వాయించారు" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు సరిగ్గా ఆ లైన్ దగ్గరే నమ్మకం పోయింది.

అద్భుతంగా వాయించి ఉండరు తమ్ముడూ. ఉద్యోగాలు చేసుకుంటూ కుదిరినప్పుడల్లా రిహార్సల్ చేసుకునేవాళ్ళు, అందులోనూ ఇదే ఆఖరిసారి అని మనసులో పెట్టుకుని స్టేజీ ఎక్కినవాళ్ళు, టెంపో పరిగెత్తి ఉంటుంది, ఎక్కడో ఒకచోట రెండో చరణం ముందే అందుకుని ఉంటారు. అది రాయి. వాళ్ళని తక్కువ చేసినట్టవుతుందేమో అని భయపడకు, ఎదురుగా కూర్చున్నవాళ్ళంతా ఫ్రెండ్సే, డ్రమ్మర్ ఏ పాటలో స్పీడ్ పెంచేస్తాడో వాళ్ళకి ముందే తెలుసు, ఆ చోటు వచ్చేసరికి ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకుని నవ్వుకుంటారు. టికెట్ కొనుక్కుని వచ్చినవాళ్ళు తప్పు వింటే మొహం చిట్లిస్తారు, వీళ్ళు ఆ తప్పు కోసమే చెవులు రిక్కించి కూర్చుంటారు, రేపట్నుంచి అది కూడా వినబడదు కదా. నీ వ్యాసానికి ప్రాణం అక్కడుంది.

గిటారిస్టు చివరి షో కదా అని ఆ ముందురోజే కొత్త తీగలు వేశాడని రాశావు, అంతటితో వదిలేశావు, నాకు ప్రాణం ఉసూరుమంది. కొత్త తీగలు సాగుతాయి, సర్దుకునేదాకా శ్రుతి నిలవదు, పాట పాటకీ ఆగి ట్యూన్ చేసుకోవాల్సిందే. అంటే ఆ షో నిండా చిన్న చిన్న ఖాళీలు వచ్చి ఉంటాయి, అతను తల వంచుకుని తీగ మీటుతూ కీ తిప్పుతున్నంతసేపూ ఎవరేం మాట్లాడారు, వెనక నుంచి ఎవరేం అరిచారు, అదంతా నీకు గుర్తుండే ఉంటుంది, అదే కావాలి నాకు. అలాగే మెల్లగా సాగే పాటలో బేస్ గిటార్ మోగితే స్నేర్ డ్రమ్‌ని ఎవరూ కొట్టకుండానే దాని కింది వైర్లు గరగరమంటాయి, డ్రమ్మర్ చెయ్యి చాచి పక్కనున్న చిన్న లివర్ దించుతాడు, వైర్లు వదులై ఆ గోల ఆగిపోతుంది, మళ్ళీ తను అందుకోవాల్సిన చోటుకి కాస్త ముందు పైకెత్తుతాడు. కలిసి చాన్నాళ్ళు వాయించినవాడి చెయ్యి చూడకుండానే అటు వెళ్తుంది. "వాళ్ళ మధ్య విడదీయలేని అనుబంధం" అని రాసే బదులు ఆ చెయ్యి చూపించు.

ఆస్ట్రియా సంగీతకర్త హైడన్ 1772లో తన 45వ సింఫనీ (పెద్ద వాద్యబృందం కోసం రాసే కృతి) రాసినప్పుడు, అతను కొలువు చేసే ఎస్టర్‌హాజీ ప్రభువు వాద్యకారులందర్నీ ఇళ్ళకి దూరంగా వేసవి భవనంలోనే ఉంచేశాడు, సెలవు ఎవరు అడగాలి? చివరి భాగంలో ఒక్కొక్కళ్ళూ తమ వంతు ముగించి, ముందున్న కొవ్వొత్తి ఆర్పి లేచి వెళ్ళిపోతుంటే ఆఖరికి రెండు వయొలిన్లు మిగిలాయి, నోరు విప్పకుండానే ప్రభువుకి అర్థమైపోయింది. ఎవరు ముందు వెళ్ళారు ఎవరు మిగిలారు అనే ఆ వరుసలోనే అంతా ఉంది. మీ షో అయ్యాక కూడా అంతే కదా, సింగర్ మైక్ స్టాండ్‌లో పెట్టి దిగిపోతాడు, డ్రమ్మర్ మాత్రం ఇత్తడి పళ్ళేల్లాంటి సింబల్స్ విప్పాలి, స్టాండ్లు మడవాలి, అన్నీ బ్యాగుల్లో సర్దాలి, అందరికంటే ఆలస్యం అతనికే. అప్పుడు అతని పక్కన ఎవరున్నారు? నువ్వు ఆ టైంకి వెళ్ళిపోయుంటే ఉన్నవాళ్ళని అడుగు.

"చివరి" అనే మాట పేరా పేరాకీ వాడావు, మొదట్లో ఒకసారి చెప్తే చాలు, చదివేవాళ్ళు మర్చిపోరు. బీటిల్స్ 1969 జనవరి 30న లండన్‌లో తమ ఆఫీసు మేడ మీద 42 నిమిషాలు వాయించారు, జనం ముందు వాళ్ళు వాయించడం అదే ఆఖరు, కింద రోడ్డు మీద ఆగి విన్నవాళ్ళకి ఆ సంగతి తెలీదు. మీ వాళ్ళకీ విన్నవాళ్ళకీ అందరికీ తెలుసు, తెలిసీ ఎవరూ ఆ మాట ఎత్తకుండా పాట పాడుకున్నారు, అలాంటప్పుడు నువ్వు మధ్యలో దూరి గుర్తుచేయడం ఎందుకు? బ్యాండ్ ఎందుకు ఆగిపోతోందో చెప్పడానికి కూడా పేజీన్నర అక్కర్లేదు, ట్రాన్స్‌ఫర్లు, పెళ్ళిళ్ళు, పిల్లలు, రెండు లైన్లు.

అన్నిటికంటే నాకు బెంగగా ఉన్నది వాళ్ళ సొంత పాట గురించి. ఒకటుందన్నావు, ఎప్పుడూ రికార్డ్ చేయలేదన్నావు. మిగతా పాటలు ఇంకెవరో ఎక్కడో వాయిస్తూనే ఉంటారు, ఇది మాత్రం ఆ నలుగురూ కలిస్తేనే ఉంటుంది. ఎవరు కౌంట్ ఇస్తే మొదలయ్యేది, ఫ్రెండ్స్ ఏ లైన్ దగ్గర గొంతు కలిపేవాళ్ళు, ఎవరి మాట ఎవరు మార్చారు, మొత్తం రాయి, ఎంత పొడుగొచ్చినా పర్లేదు. సాహిత్యం నీ దగ్గర లేకపోతే వాళ్ళు తలో ఊరూ వెళ్ళకముందే నలుగుర్నీ విడివిడిగా అడుగు, నలుగురూ నాలుగు రకాలుగా చెప్తే నాలుగూ ఉంచు. వ్యాసం దానితోనే మొదలుపెట్టి వచ్చే వారంలోగా పంపు, చదవగానే ఫోన్ చేస్తాను.

ప్రేమతో,
అన్నయ్య